అభివృద్ధి రంగంలో మాస్టర్స్: ప్రశ్న పట్టుకోవడం నుంచి ఊళ్లో ముగ్గుపిండి మ్యాప్ దాకా

విదేశీ చదువు అనగానే మన ఇళ్లలో కంప్యూటర్ సైన్స్ లెక్కలే ముందుకొస్తాయి. కన్సల్టెన్సీలకు బాగా తెలిసిన దారి కూడా అదే. కమ్యూనిటీ డెవలప్‌మెంట్, ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ చదవాలనుకునేవాళ్లు అదే దారిలో వెళ్తే రెండు చోట్ల దెబ్బతింటారు: ఒకటి డబ్బు దగ్గర, రెండోది ఉద్యోగం దగ్గర. ఇక్కడ సీటు ఇచ్చేవాళ్లు చూసేది వేరు, స్కాలర్‌షిప్‌ల లెక్క వేరు, చదువయ్యాక వీసా నిబంధనలు పనిచేసే తీరు వేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఊళ్లో నిలబడి చూసి తెచ్చుకున్న ఒక ప్రశ్న మీ దగ్గర లేకపోతే ఈ డిగ్రీ పెద్దగా పనికిరాదు. అందుకే ఈ మార్గదర్శి ప్రశ్నతోనే మొదలవుతుంది.

1. ముందు ప్రశ్న, తర్వాత కోర్సు

కోర్సు పేరు చూసి అప్లై చేయకండి. ఒకే మాటకు ఒక్కో దేశంలో ఒక్కో అర్థం. మన దేశంలో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అంటే 1952 అక్టోబరు 2న మొదలైన కార్యక్రమం, దానితో పుట్టిన బ్లాకులు, వాటి చుట్టూ పెరిగిన గ్రామీణ పాలన. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ (ఎన్‌ఐఆర్‌డీపీఆర్) 1958లో ముస్సోరీలో మొదలైంది, తొలినాళ్లలో దాని పేరులో ఉన్నది కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అన్న మాటే. 1965లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అమెరికాలో అదే మాటకు నగరాల్లో వెనకబడిన పేటలు, అక్కడి ఇళ్లు, స్థానిక రుణాలు అన్న అర్థం బలంగా ఉంది. నగరాలకు కేంద్రం ఇచ్చే నిధులుగా 1974లో వచ్చిన బ్లాక్ గ్రాంట్లు, బ్యాంకులు వెనకబడిన పేటలకూ అప్పులివ్వాలన్న 1977 నాటి రీఇన్వెస్ట్‌మెంట్ చట్టం అక్కడి సిలబస్‌కు పునాదులు. మహిళా సంఘాల మీద చదువుదామని వెళ్లినవాళ్లు అమెరికా మున్సిపాలిటీల ఇళ్ల పథకాలు చదువుతూ కూర్చోవాల్సి వస్తుంది. అది తక్కువ చదువేమీ కాదు, మీకు కావలసిన చదువు కాదంతే.

ఈ రంగంలోని కోర్సులను స్థూలంగా మూడు తెగలుగా చూడొచ్చు. మొదటిది డెవలప్‌మెంట్ స్టడీస్: చరిత్ర, రాజకీయం, కులం, జెండర్, రాజ్యం. రెండోది డెవలప్‌మెంట్ ఎకనామిక్స్: గణితం, గణాంకాలు, ప్రయోగాలు. 2005 తర్వాత హైదరాబాద్‌లో 104 బస్తీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లో ముందుగా మైక్రోఫైనాన్స్ శాఖలు తెరిపించి, మిగతా సగంతో పోల్చి చూసిన అధ్యయనం ఈ తెగకు మంచి ఉదాహరణ. మూడోది ఆచరణ కోర్సులు: ప్రాజెక్టు రూపకల్పన, పర్యవేక్షణ, మూల్యాంకనం, భాగస్వామ్య పద్ధతులు. పీఆర్‌ఏ (ఊరివాళ్లే తమ పరిస్థితిని గీసి, లెక్కగట్టి చెప్పే భాగస్వామ్య పద్ధతి) అని మన ఎన్‌జీవోల్లో రోజూ వినిపించే పద్ధతికి పేరు తెచ్చిన రాబర్ట్ ఛాంబర్స్ ఇంగ్లండ్‌లోని ససెక్స్ ఐడీఎస్‌కు (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్) చెందినవారు. 1989 నుంచి 1991 దాకా ఆయన హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పనిచేశారు.

ఒక కాగితం తీసుకుని మీ ప్రశ్నను రెండు వాక్యాల్లో తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో రాస్తే అరువు మాటలు వచ్చి అసలు విషయం దాక్కుంటుంది. "గ్రామీణ పేదరికం నిర్మూలన" ప్రశ్న కాదు. "మా మండలంలో బ్యాంకు లింకేజీ అప్పు సంఘానికి వచ్చినా, అందులో కౌలురైతు కుటుంబాల ఆడవాళ్ల వాటా ఎందుకు తక్కువగా ఉంటోంది?" అన్నది ప్రశ్న. దీన్ని అధికారం, కులం వైపు నుంచి తవ్వాలనుకుంటే మొదటి తెగ. అప్పు వల్ల ఆదాయం ఎంత మారిందో కొలవాలనుకుంటే రెండోది. సంఘం నియమాలు మార్చి చూడాలనుకుంటే మూడోది. ప్రశ్న రాయలేకపోతే కంగారు పడొద్దు, మీకు ముందు కావలసింది కోర్సు కాదు, రెండో అడుగైన ఫీల్డ్ పని అన్నమాట.

2. రెండేళ్ల ఫీల్డ్ పని

బీటెక్ లేదా డిగ్రీ అయిన వెంటనే ఈ మాస్టర్స్‌కు వెళ్లడం సాధ్యమే కానీ ఖరీదైన తప్పు. క్లాసులో పక్కన కూర్చునేవాళ్లు నాలుగైదేళ్లు ఆరోగ్య శాఖలోనో, శరణార్థి శిబిరంలోనో పనిచేసి వచ్చినవాళ్లు. చర్చలో మీకు చెప్పడానికి ఏమీ ఉండదు. పైగా స్కాలర్‌షిప్‌ల తలుపు కూడా అనుభవంతోనే తెరుచుకుంటుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కు రెండేళ్లు, గంటల్లో చెప్పాలంటే 2,800 గంటలు కావాలి. జర్మనీ డాడ్ (DAAD) సంస్థ డెవలప్‌మెంట్ కోర్సులకిచ్చే స్కాలర్‌షిప్‌కు రెండేళ్లు ఉండాలి, డిగ్రీ పూర్తై ఆరేళ్లు దాటకూడదు. అమెరికాలో చదవడానికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ల పూర్తికాలపు పని కావాలి.

ఎక్కడ చేయాలి? ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలల ఫెలోషిప్, పల్లెలోనే ఉండాలి. ప్రదాన్, గాంధీ ఫెలోషిప్ వంటివి ఉన్నాయి. మన దగ్గర అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం మీద రైతు సాధికార సంస్థ, రెండు రాష్ట్రాల్లో మహిళా సంఘాలతో పనిచేసే ప్రభుత్వ సంస్థ సెర్ప్ ఉన్నాయి. హెడ్డాఫీసులో రిపోర్టులు తయారుచేసే ఉద్యోగం దొరికినా, వీలైతే మండల స్థాయి పని అడిగి తీసుకోండి. సెర్ప్ క్షేత్ర సిబ్బంది అయిన సీసీలు, గ్రామ సంఘం లెక్కలు చూసే వీవోఏల వెంట గ్రామ సంఘం సమావేశాలకు తిరిగిన ఆరు నెలలు, ఏసీ గదిలో ఎక్సెల్ నింపిన రెండేళ్లకన్నా ఎక్కువ నేర్పుతాయి.

ఆ కాలంలో రోజూ ఒక నోటుబుక్కు రాయాలి. తేదీ, ఊరు, ఎవరు ఏమన్నారు, మీరు అనుకున్నదానికి ఏది భిన్నంగా జరిగింది. నెలకు ఒకసారి చదివి, మళ్లీ మళ్లీ కనబడే చిక్కును గుర్తు పెట్టుకోండి. మీ ప్రశ్న ఆ పేజీల్లోంచే వస్తుంది, తర్వాత ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకో చెబుతూ అప్లికేషన్‌తో పంపే వ్యాసం) కూడా. పని గంటల లెక్క, అపాయింట్‌మెంట్ లెటర్, రిలీవింగ్ లెటర్ అప్పటికప్పుడే తీసిపెట్టుకోవాలి. చిన్న సంస్థలు మూతపడతాయి, సంతకం పెట్టాల్సిన మనిషి వేరే చోటికి వెళ్లిపోతారు.

3. ఎక్కడ చదవాలి

మన దేశంలో చదవడాన్ని రెండో రకం ఎంపికగా చూడకండి. మీ ప్రశ్న తెలుగు పల్లెల గురించైతే గురువు, గ్రంథాలయం, ఫీల్డ్ అన్నీ ఇక్కడే దగ్గర. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) హైదరాబాద్ క్యాంపస్‌లోనూ, మహారాష్ట్రలోని తుల్జాపూర్‌లోనూ ఈ రంగపు కోర్సులున్నాయి. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్ ఎంఏ ఉంది. అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ డెవలప్‌మెంట్‌కు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం దొరుకుతుంది. వర్గీస్ కురియన్ 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో స్థాపించిన ఇర్మా సహకార సంఘాలు, రూరల్ మేనేజ్‌మెంట్‌కు పేరున్నది. ఎన్‌ఐఆర్‌డీపీఆర్‌లో పీజీ డిప్లొమా కోర్సులున్నాయి.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాది. 180 క్రెడిట్లు, అందులో సాధారణంగా 60 డిసర్టేషన్‌వి (చివర్లో రాసే పరిశోధన వ్యాసం). 1966లో మొదలైన ససెక్స్ ఐడీఎస్, లండన్‌లోని సోయాస్, ఎల్‌ఎస్‌ఈ, ఇంకా మాంచెస్టర్ అందరికీ తెలిసినవి. ఏడాది చదువంటే ఖర్చు ఒక ఏడాదితో పోతుంది. కానీ ఊపిరాడదు: సెప్టెంబరులో దిగితే జనవరికల్లా డిసర్టేషన్ అంశం చెప్పాలి. ప్రశ్న లేకుండా వెళ్లినవాళ్లు చితికిపోయేది అక్కడే. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 2024 జనవరి నుంచి మొదలైన కోర్సుల్లో, క్లాసులతో నడిచే మాస్టర్స్ విద్యార్థులకు సాధారణంగా డిపెండెంట్ వీసాలు లేవు.

యూరప్‌లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్న ఐఎస్‌ఎస్ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్) 1952 నుంచి ఈ పనే చేస్తోంది. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే ఎరాస్మస్ ముండుస్ ఉమ్మడి మాస్టర్స్‌లో గ్లోడెప్ అనే కోర్సు చెక్ రిపబ్లిక్, ఫ్రాన్స్, ఇటలీల్లోని మూడు యూనివర్సిటీలు కలిసి నడుపుతున్నాయి.

అమెరికాలో రెండేళ్లు. యూసీ డేవిస్‌లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పేరుతోనే ఎంఎస్ ఉంది. ఇంకొన్ని చోట్ల ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ కోర్సులున్నాయి. మూడేళ్ల బీఏ, బీకాం వాళ్లు ముందే ఈమెయిల్ పెట్టి, మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఇక అసలు చిక్కు చదువయ్యాక వచ్చేది. చదువయ్యాక అక్కడే పనిచేయనిచ్చే ఓపీటీ కింద 12 నెలల అనుమతి అందరికీ దొరుకుతుంది, దానిమీద మరో 24 నెలలు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులకే. డెవలప్‌మెంట్ కోర్సుల్లో చాలావాటికి స్టెమ్ గుర్తింపు ఉండదు. కోర్సు పేరులో డేటా అనో పాలసీ అనో ఉన్నంత మాత్రాన స్టెమ్ అనుకోవద్దు. కోర్సు ఏ వర్గానిదో చెప్పే సీఐపీ కోడ్ ఎంత అని డిపార్ట్‌మెంట్‌ను అడగండి, వీసాకోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద పడేది అదే. ఉదాహరణకు 45.0603 అంటే ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్, అది స్టెమ్ జాబితాలో ఉంది. అలాగే ఎన్‌జీవో ఉద్యోగమైతే హెచ్-1బీ లాటరీ అక్కర్లేదన్న మాట సగమే నిజం. యూనివర్సిటీలకు, వాటితో అనుబంధమున్న లాభాపేక్ష లేని సంస్థలకు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు, ప్రభుత్వ పరిశోధన సంస్థలకు మాత్రమే ఆ మినహాయింపు. మామూలు ఎన్‌జీవో లాటరీలో నిలబడాల్సిందే.

డబ్బు పెట్టకుండా ముందు రుచి చూడాలంటే, ఎంఐటీ మైక్రోమాస్టర్స్‌లో డేటా, ఎకనామిక్స్, డిజైన్ ఆఫ్ పాలసీ కోర్సులను ఆన్‌లైన్‌లో ఉచితంగా వినొచ్చు. గణాంకాల పాఠం మూడు వారాలు వినేసరికి రెండో తెగ కోర్సు మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది.

4. డబ్బు

కంప్యూటర్ సైన్స్‌కు వేసే లెక్క, "అప్పు తెద్దాం, రెండేళ్లలో తీర్చేద్దాం" అన్నది, ఇక్కడ పనిచేయదు. ఈ రంగంలో జీతాలు ఆ స్థాయిలో ఉండవు. మా గట్టి అభిప్రాయం ఒకటే: పూర్తి స్కాలర్‌షిప్‌గానీ, ఇల్లు తాకట్టు పెట్టకుండా వచ్చే చిన్న అప్పుగానీ తప్ప ఇంకో దారిలో విదేశానికి వెళ్లొద్దు. ఒక ఏడాది ఆగి మళ్లీ అప్లై చేస్తే పోయేదేమీ లేదు, అనుభవం పెరుగుతుంది.

చీవెనింగ్ ఆగస్టు ప్రాంతంలో తెరుచుకుని శరత్కాలంలో మూతపడుతుంది. మూడు కోర్సులు ఎంచుకోవాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఎంచుకున్న మూడు కోర్సులూ ఒకే లక్ష్యానికి దారితీయాలి. ఒకటి పబ్లిక్ హెల్త్, ఒకటి ఎంబీఏ, ఒకటి డెవలప్‌మెంట్ అని పెడితే ఇంటర్వ్యూ దాకా వెళ్లదు. కామన్‌వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ సొంత డబ్బుతో బ్రిటన్‌లో చదవలేనివాళ్లకోసం ఉద్దేశించినది. ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ నెలకు 1,400 యూరోలు, కోర్సు ఫీజు విడిగా కట్టక్కర్లేదు.

తెలంగాణ విద్యార్థుల్లో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్న పథకం, మైనారిటీలకు మరొకటి ఉన్నాయి. సాయం 20 లక్షల రూపాయల దాకా. సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్ డిగ్రీ చేసినవాళ్లూ అర్హులే, డిగ్రీలో 60 శాతం మార్కులు కావాలి. చాలామంది పొరపడేది ఇక్కడ: ఈ డబ్బు రెండు విడతల్లో వస్తుంది, మొదటి విడత మీరు ఆ దేశంలో దిగిన రుజువు పంపాకే. కాబట్టి యూనివర్సిటీ డిపాజిట్‌కూ, వీసాకు చూపాల్సిన నిల్వకూ ఇది పనికిరాదు. ఆ రెండిటికీ వేరే ఏర్పాటు ఉండాలి, మొదటి ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకునే బయలుదేరాలి.

కేంద్రం ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పూర్తి ఖర్చు భరించేది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. అయితే 2022 మార్గదర్శకాల్లో ఒక షరతు చేరింది: భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజంపై అధ్యయనాలకు సంబంధించిన అంశాలకు ఈ సాయం వర్తించదు. మన రంగం విద్యార్థులకు ఇది నేరుగా తగిలే దెబ్బ. కోర్సు పేరు, అంశం రాసేముందు ఆ ఏటి మార్గదర్శకాలను పదం పదం చదవండి.

బ్యాంకు రుణమైతే విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయొచ్చు. 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే పద్ధతి ప్రభుత్వ బ్యాంకుల్లో ఉంది. బ్రిటన్ వీసాకు చూపే డబ్బు ఖాతాలో వరసగా 28 రోజులు అడిగినంతకు తగ్గకుండా ఉండాలి. ఆ ఖాతా విద్యార్థిదో, తల్లిదండ్రులదో, చట్టబద్ధ సంరక్షకులదో అయి ఉండాలి. మేనమామ ఖాతాలోనో, బాబాయి ఖాతాలోనో ఎన్ని లక్షలున్నా లెక్కలోకి రావు. 27వ రోజున ఒక్క రూపాయి తక్కువైనా వీసా తిరస్కరిస్తారు.

5. అప్లికేషన్

కాగితాలు ముందు. సీఎంఎం (మార్కులన్నీ ఒకేచోట ఉండే మెమో), ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), అన్ని సెమిస్టర్ల మెమోలు, సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్టులు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ట్రాన్‌స్క్రిప్టులకు వారాలు పడుతుంది, కనీసం మూడు నెలల ముందు దరఖాస్తు పెట్టండి, ఐదారు సెట్లు తీసుకోండి. పాస్‌పోర్టులో, పదో తరగతి మెమోలో, డిగ్రీలో ఇంటిపేరు ఒకేలా ఉందో చూడండి. ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి పేరు ఉండటం మన దగ్గర మామూలే, వీసా దగ్గర అదే తలనొప్పి. ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 నుంచి 7 దాకా అడుగుతారు, స్కోరు రెండేళ్లు చెల్లుతుంది.

ఎస్‌ఓపీ విషయానికొద్దాం. కన్సల్టెన్సీ రాసిచ్చే ఎస్‌ఓపీ ఇలా మొదలవుతుంది: "చిన్నప్పటి నుంచి పేదలకు సేవ చేయాలన్నది నా కల." ఎంపిక చేసేవాళ్లు ఇలాంటివి వందల్లో చదువుతారు. అదే మనిషి నోటుబుక్కు తిరగేసి రాస్తే ఇలా ఉంటుంది: "నేను పనిచేసిన గ్రామ సంఘంలో పుస్తకాల ప్రకారం అందరూ అప్పు సమానంగా పంచుకున్నారు. ఇంటింటికీ తిరిగి అడిగితే, సగంమంది తమ వాటాను సంఘం లీడరుకే వడ్డీకి ఇచ్చినట్టు తేలింది. పుస్తకం అబద్ధం చెప్పలేదు, కానీ నిజమూ చెప్పలేదు. ఆ తేడాను ఎలా కొలవాలో నాకు తెలియలేదు." ఇక్కడ చివరి వాక్యమే ముఖ్యం. మీకు తెలియనిది ఏమిటో స్పష్టంగా చెప్పినప్పుడే ఆ కోర్సు మీకెందుకో అవతలివాళ్లకు అర్థమవుతుంది. దాని తర్వాత ఆ కోర్సులోని రెండు పేపర్లను, వాటిని చెప్పే అధ్యాపకుల పనిని మీ ప్రశ్నతో ముడిపెట్టండి. చదవకుండా పేర్లు మాత్రం పెట్టొద్దు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే వస్తుంది.

సిఫారసు లేఖలు రెండు లేదా మూడు. ఒకటి చదువు చెప్పినవారిది, ఒకటి మీ పనిని దగ్గరుండి చూసినవారిది. ఎమ్మెల్యేదో, కలెక్టర్‌దో తేవడం వల్ల ఉపయోగం లేదు, వాళ్లకు మీ పని తెలియదు. మండలంలో సెర్ప్ పని చూసే ఏపీఎం స్థాయి మనిషి "ఈ అమ్మాయి నాలుగు నెలల్లో పన్నెండు సంఘాల పుస్తకాలు సరిచేసింది" అని రాస్తే దాని బరువు వేరు. "నువ్వే రాసుకో, సంతకం పెడతా" అనేవాళ్లు మన దగ్గర ఎక్కువ. అలా రాసుకున్న రెండు లేఖల్లో ఒకే శైలి, ఒకే మాటలు కనబడితే అప్లికేషన్ పక్కన పడుతుంది. మీరు చేసిన పనుల జాబితా ఒక పేజీ ఇచ్చి, వాళ్లతోనే రాయించుకోండి, ఆలస్యమైనా సరే.

6. మొదటి టర్మ్

వారానికి ఒక్కో సెమినార్‌కు మూడు నాలుగు వ్యాసాలు చదవాలి. మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివితే వారం చాలదు. సారాంశం, ముగింపు, తర్వాత పద్ధతి, ఆ తర్వాత అవసరమైతే మిగతాది. ఒక్కో వ్యాసానికి మూడు వాక్యాలు రాసుకోండి: రచయిత ఏమంటున్నారు, దేన్ని ఆధారం చేసుకున్నారు, మా మండలానికి ఇది సరిపోతుందా.

ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్లకు వ్యాసం రాయడం పెద్ద అడ్డంకి. పాయింట్లు పాయింట్లుగా రాసే అలవాటు పోవాలి. వాదన ఒక్కటే ఉండాలి, ప్రతి పేరా దాన్ని ముందుకు నడపాలి. ఇతరుల వాక్యాలను నాలుగు మాటలు మార్చి వాడితే కాపీగానే లెక్క. బ్రిటన్‌లో మార్కులు చూసి బెంబేలెత్తకండి. 50 పాస్, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. 85 శాతానికి అలవాటుపడిన మనకు 62 అవమానంలా అనిపిస్తుంది, నిజానికి అది మంచి మార్కు.

ప్రాజెక్టు మొత్తాన్ని ఒక పట్టికలో చూపే లాగ్‌ఫ్రేమ్, ఏ పని వల్ల ఏ మార్పు ఎలా వస్తుందో చెప్పే థియరీ ఆఫ్ ఛేంజ్ వంటి పనిముట్లను టర్మ్‌లోనే చేతికి అలవాటు చేసుకోండి. లాగ్‌ఫ్రేమ్‌లో లక్ష్యం, ఫలితం, ఉత్పత్తులు, పనులు నిలువు వరసలో. సూచికలు, ఆధారాలు, ఊహలు అడ్డంగా ఉంటాయి. అందరూ ఊహల గడిని ఖాళీగా వదిలేస్తారో, "వర్షాలు బాగా పడతాయి" అని రాసేస్తారో చేస్తారు. ప్రాజెక్టులు కూలేది ఆ గడిలోనే. "సంఘం లీడరు అప్పు పంపకంలో జోక్యం చేసుకోరు" లాంటి అసలు ఊహను అక్కడ రాయగలిగితే మీరు పని నేర్చుకున్నట్టే.

ఉద్యోగ వేట కూడా ఈ టర్మ్‌లోనే మొదలవ్వాలి, డిసర్టేషన్ అయ్యాక కాదు. మాస్టర్స్ పూర్తయితే ఐక్యరాజ్యసమితిలో కొలువు దొరుకుతుందన్న ఆశ చాలామందిలో ఉంది. అక్కడ పీ-2 అనే ప్రారంభ స్థాయికే సాధారణంగా మాస్టర్స్‌తోపాటు రెండేళ్ల అనుభవం అడుగుతారు. చదువుకు ముందు చేసిన ఫీల్డ్ పని ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. గణాంకాల సాఫ్ట్‌వేర్లయిన స్టాటా లేదా ఆర్, దానితోపాటు సర్వే నడపడం తెలిసినవాళ్లకు మూల్యాంకన సంస్థల్లో పిలుపు త్వరగా వస్తుంది.

7. డిసర్టేషన్ ఫీల్డ్‌వర్క్

మొదట ఎథిక్స్ అనుమతి, అంటే మనుషుల మీద పరిశోధనకు యూనివర్సిటీ కమిటీ ఇచ్చే అనుమతి. అది చేతికి రాకముందు చేసిన ఒక్క ఇంటర్వ్యూ కూడా డిసర్టేషన్‌లో వాడకూడదు. అనుమతికి వారాలు, కొన్నిచోట్ల రెండు నెలలు పడుతుంది, మార్చిలోనే పెట్టేయండి. ఫారంలో సంతకంతో కూడిన సమ్మతి అడుగుతారు. మన ఊళ్లలో కాగితం మీద సంతకం, వేలిముద్ర అంటే అప్పో, భూమో అన్న భయం ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. ఆ సంగతి కమిటీకి రాసి, తెలుగులో చదివి వినిపించి నోటిమాటగా తీసుకునే సమ్మతికి అనుమతి అడగండి. కారణం సరిగ్గా చెబితే ఒప్పుకుంటారు.

కాలం చూసుకోండి. బ్రిటన్‌లో డిసర్టేషన్ సమయం జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా. మన దగ్గర సరిగ్గా అప్పుడే మృగశిర కార్తెతో విత్తనాలు, తర్వాత నాట్లు. పొద్దున ఆరింటికి పొలానికి వెళ్లిన కూలీ అక్కలు పగలు దొరకరు. దొరికినవాళ్లనే అడిగితే కూలికి వెళ్లనివాళ్ల మాటలే మీ డిసర్టేషన్ అవుతుంది. సాయంత్రం ఏడు తర్వాత, లేదా వాన పడి పని ఆగిన రోజు మాట్లాడండి. సంఘం మీటింగ్ రోజు ఏదో వీవోఏను ముందే అడిగి తెలుసుకోండి.

ఊరివాళ్లతోనే నేల మీద ఊరి పటం గీయించే సోషల్ మ్యాప్ విధానం ఇది. రెండు కిలోల ముగ్గుపిండి, రెండు రంగులు, కిలో చింతపిక్కలు, కొన్ని ఆకులు, ఇటుక ముక్కలు. పదిహేను మంది, రెండు గంటలు. రచ్చబండ దగ్గర పెట్టొద్దు, అక్కడ అందరూ కూర్చోలేని ఊళ్లు ఇంకా ఉన్నాయి. బడి ఆవరణ మేలు. ఊరి రోడ్డు, చెరువు మీరు ఒక్క గీతతో మొదలుపెట్టి, పిండి గిన్నె వాళ్ల చేతికిచ్చి వెనక్కి జరగండి. ఇక మాట్లాడొద్దు. కాసేపటికి ఎవరో ఒకరు వంగి గీయడం మొదలుపెడతారు. ఇళ్లకు చింతపిక్కలు, రేషన్ కార్డు లేని ఇంటికి ఆకు.

ఎక్కువగా జరిగే పొరపాటు: మొదట పెద్దమనుషులు, మగవాళ్లు గిన్నె అందుకుంటారు. గుడి, పంచాయతీ ఆఫీసు, తమ వీధులు విశాలంగా గీస్తారు. ఎస్సీ కాలనీ వచ్చేసరికి నేల మీద జాగా ఉండదు. నలభై ఇళ్లు ఒక మూల నాలుగు పిక్కలుగా మిగిలిపోతాయి. దాన్ని చెరిపి సరిచేయించకండి. ఫొటో తీయండి, అది కూడా డేటానే. మర్నాడు కాలనీ ఆడవాళ్లతో విడిగా ఇంకో మ్యాప్ వేయించండి. అందులో బోరు, శ్మశానం దారి, వానకు మునిగే ఇళ్లు కనబడతాయి. రెండు మ్యాప్‌ల మధ్య తేడాయే మీ అధ్యాయం. చెరిపేముందు చార్టు మీద ఎత్తి రాసుకుని, తేదీ, ఎంతమంది ఉన్నారో, ఎవరు గీశారో రాయండి.

ఎవరి పరిస్థితి ఎలా ఉందో వర్గీకరించే వెల్త్ ర్యాంకింగ్‌ను మాత్రం పదిమందిలో చేయకండి. ఇల్లు మంజూరు చేయడానికి వచ్చారేమో అనుకుని అందరూ అట్టడుగునే ఉన్నామంటారు. ఇంటికో కార్డు రాసి, ముగ్గురు వేర్వేరు మనుషులతో విడివిడిగా చేయించి పోల్చండి.

సర్వేకు కోబో టూల్‌బాక్స్ అనే యాప్ ఉచితం, నెట్ లేకున్నా ఫోన్‌లో పనిచేస్తుంది, ప్రశ్నలు తెలుగులో పెట్టుకోవచ్చు. ప్రశ్నలను తెలుగులోకి మార్చాక, వేరే మనిషితో మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించి చూడండి. "గత 12 నెలల్లో" అని అడిగితే సరైన జవాబు రాదు, "పోయిన సంక్రాంతి నుంచి" అని అడగండి. భూమి కొలతల దగ్గర చాలా జాగ్రత్త. తెలంగాణలో గుంటలు, ఎకరానికి 40. ఆంధ్రలో సెంట్లు, ఎకరానికి 100. ఫారంలో యూనిట్ అడగకుండా "20" అని ఎక్కిస్తే, ఒకచోట అది అర ఎకరం, ఇంకోచోట ఎకరంలో ఐదో వంతు. సరిహద్దు మండలాల్లో పనిచేసేటప్పుడు ఈ ఒక్క తప్పుతో పట్టికలన్నీ పాడవుతాయి.

ఎంతమంది? మాస్టర్స్ స్థాయికి లోతైన ఇంటర్వ్యూలు పాతిక నుంచి ముప్పై, మూడు నాలుగు బృంద చర్చలు చాలు. గంట రికార్డింగ్‌ను అక్షరబద్ధం చేయడానికి ఐదారు గంటలు పడుతుంది. గంట చొప్పున ముప్పై ఇంటర్వ్యూలంటే 150 నుంచి 180 గంటల పని, అనువాదం దానిపైన. యాభై చేసి సగం వినకుండా వదిలేయడంకన్నా ఇరవై చేసి అన్నీ రాసుకోవడం మేలు. "ఎంపవర్‌మెంట్" గురించి అడిగి "సాధికారత వచ్చింది" అన్న జవాబు రాసుకున్నారంటే మీరు శిక్షణలో చెప్పిన మాటే తిరిగి విన్నారని అర్థం. ఆవిడ తన మాటల్లో "ఇప్పుడు బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుంటున్నా" అంటే, దాన్ని తెలుగు లిపిలోనే డిసర్టేషన్‌లో పెట్టి, కింద అనువాదం ఇవ్వండి.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం మిగుల్చుకోండి. మీకు దొరికింది రెండు పేజీల తెలుగులో రాసి, ఎవరి పేరూ బయటపడకుండా చూసుకుని, గ్రామ సంఘం మీటింగ్‌లో చదివి వినిపించండి. "అట్ల కాదు బిడ్డా" అని ఎవరో ఒకరు దిద్దుతారు. ఎక్కడ దిద్దారో, ఎందుకు దిద్దారో రాసుకోండి, మీ విశ్లేషణ అధ్యాయంలో ఆ దిద్దుబాటుకు చోటివ్వండి. ఆ రెండు పేజీల కాపీ వీవోఏ దగ్గరున్న సంఘం ఫైల్లో పెట్టి రండి.